పాల క్యాన్ల నిండా చిల్లర ఉండాది, నోట్లు చేసుకునేది ఎట్టా?

కోవూరు_కొట్టు

అన్నలకీ అక్కలకీ నమస్కారం. మాది కోవూరు. మా నాయన ముప్పై ఏళ్ళకి పైన నడిపిన కొట్టు ఈ సంక్రాంతికి మూసేశాం. మోకాళ్ళు సహకరించడం లా, ఇంక కూర్చోలేనన్నాడు. సరుకు అయినకాడికి అమ్మేశాం, తక్కెడ కూడా పోయింది. మిగిలిందల్లా గల్లాపెట్టె వెనకాల రెండు పాల క్యాన్లు, 20 లీటర్లవి, మూతిదాకా బిళ్ళలు. ఇద్దరం పట్టినా కదల్లా. పైన రూపాయిలు, రెండు రూపాయలు కనిపిస్తా ఉండాయి. మధ్యమధ్యలో ఐదులు. చెయ్యి పెట్టి కెలికితే అర్ధరూపాయలు, పావలాలు కూడా తగిలినాయి.

ఒక సంచి నింపుకోని బ్యాంకుకి పోయినా. ఇంత చిల్లర మేము తీసుకోము, నెల్లూరు పెద్ద బ్రాంచికి పొండి అన్నారు. ఆడికి పోతే మీ ఖాతా యాడుంటే ఆడే కట్టుకోవాల అన్నారు. నాయనేమో "గవర్నమెంటు అచ్చేసిన డబ్బే గదా, మనం అచ్చేశామా" అని ఒకటే గొణుగుడు. ఇట్టాంటిది ఎవురన్నా చేసినోళ్ళుంటే దారి చెప్పండి.

ఒంగోలు_గిత్త

బ్రదర్, 2011 నాణేల చట్టం చూడు. వెయ్యి రూపాయలు దాటి చిల్లర ఇస్తే తీసుకోవాల్సిన పనే లేదు ఎవరికీ. బ్యాంకోళ్ళు చెప్పింది కరెక్టే. రోజుకి వెయ్యి లెక్కన కట్టుకుంటా పో.

కౌంటర్_నంబర్_3

నేను రిటైరైన క్యాషియర్ని. నెల్లూరు, కావలి, ఆత్మకూరు బ్రాంచీల్లో చేశాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

గిత్త గారు చెప్పిన సెక్షన్ ఉన్నమాట నిజమే. రూపాయి, ఆపై నాణేలు ఒక చెల్లింపులో 1,000 రూపాయల వరకు, అర్ధరూపాయలైతే 10 రూపాయల వరకే చట్టప్రకారం చెల్లుతాయి. అది అప్పు తీర్చేటప్పుడు, బిల్లు కట్టేటప్పుడు వర్తించే మాట. మీరు నాకు యాభై వేలు బాకీ ఉండి అన్నీ రూపాయి బిళ్ళలుగా తెచ్చి గుమ్మంలో పోస్తే వద్దనే హక్కు నాకుంది. ఖాతాలో జమ చేసుకోవడం వేరు. దానికి పరిమితి లేదనీ, ఖాతాదారుల దగ్గర బ్యాంకులు ఎంత చిల్లరైనా తీసుకోవచ్చనీ ఆర్‌బీఐ స్పష్టంగా చెప్పింది. అన్ని విలువల నాణేలూ జమకైనా మార్పిడికైనా బ్రాంచీలన్నీ తీసుకోవాలని సర్క్యులర్లు కూడా ఉన్నాయి. "రోజుకి వెయ్యి" అనేది ఎక్కడా లేదు. కౌంటర్లో పుట్టిన మాట అది.

ఒంగోలు_గిత్త

తీసుకోవచ్చు అన్నారు గదా సార్. తీసుకోకపోతే ఉరెయ్యరు. మా ఇంటి పక్కన కిళ్ళీకొట్టాయన సర్క్యులర్ ప్రింటు తీసుకెళ్ళి మేనేజర్ ముందు పెట్టాడు. ఆయన చక్కగా చదివి, మడతపెట్టి, "లంచ్ తర్వాత రా" అన్నాడు. ఆ లంచ్ ఇంకా అవలేదు.

ఆత్మకూరు_బస్టాండ్_టీ

😂😂 గిత్తా, ఇది మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం.

కౌంటర్_నంబర్_3

నేనూ కాదనను. లోపలి సంగతి చెబితే మీకు కోపం తగ్గుతుందేమో. ఒక మనిషి గోనెసంచి తెచ్చి కౌంటర్ మీద పెడితే క్యాషియర్ అది లెక్కపెట్టాలి, వెనకాల లైను ఆగిపోతుంది, సాయంత్రం ఒక్క రూపాయి తేడా వస్తే జేబులోంచి పెట్టుకోవాలి. తీసుకున్నాక ఆ సంచులు అక్కడే ఉండిపోతాయి. ఒకప్పుడు వ్యాపారులు చిల్లర కోసం మా చుట్టూ తిరిగేవాళ్ళు, ఇప్పుడు అడిగే నాథుడు లేడు. స్ట్రాంగ్ రూములో మూలన పేరుకుపోతుంటే కొత్త సంచి చూడగానే మొహం మాడుతుంది. వాళ్ళు చేసేది తప్పే. కానీ ఎందుకు చేస్తారో తెలిస్తే పని ఎలా జరిపించుకోవాలో తెలుస్తుంది.

మొదట చెయ్యాల్సింది వేరుచేయడం. ఒక్కో రకం 100 బిళ్ళలు లెక్కపెట్టి పారదర్శకమైన కవర్లో వేసి, లోపల చీటీ పెట్టండి. వంద చొప్పున కవర్లలో తెస్తే బ్యాంకుకీ ఖాతాదారుకీ సులువని ఆర్‌బీఐ కూడా చెప్పింది. రూపాయి, రెండు రూపాయలైతే తూకం వేసి తీసుకోమంది. అప్పుడు క్యాషియర్ ఒకటో రెండో కవర్లు విప్పి చూసి, మిగతావి తూచి సరిపెట్టేస్తాడు. నెల మొదటి పది రోజులు వెళ్ళొద్దు, పెన్షన్ల రద్దీ. సోమవారం అసలొద్దు. నెల మధ్యలో, మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో, మీ సొంత ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్ళి ముందు మేనేజర్‌తో మాట్లాడండి. బిళ్ళలు తర్వాత. ఎప్పుడు, ఎన్ని కవర్లు తేవాలో ఆయన్నే చెప్పమనండి. ఒకసారి ఆయన నోటితో చెప్పాక మరి కాదనలేడు.

అప్పటికీ కుదరకపోతే బ్రాంచిలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి, ఆన్‌లైన్లో పెట్టొచ్చు. వివరాలకి 14448. ఆ పేరు ఎత్తగానే లంచ్ అయిపోతుంది గిత్త గారూ.

కోవూరు_కొట్టు

సార్, దండాలు. వేరుచేసేదే పెద్ద పని అయ్యేట్టుండాది. మా అమ్మ, నేను, నాయన కూర్చున్నా ఎప్పటికి తెమిలేను?

చీమకుర్తి_క్వారీ

అయస్కాంతం పెట్టు తమ్ముడూ. ఉత్తినే అనట్లా. ఇప్పటి రూపాయి, రెండు రూపాయలు స్టీలువి, అయస్కాంతానికి అతుక్కుంటాయి. పసుపుపచ్చ ఐదు రూపాయలు ఇత్తడి రకం, అతుక్కోవు. మా వర్క్‌షాపులో పాత స్పీకర్లోది పెద్ద అయస్కాంతం ఉంటే మా షెడ్డు హుండీ చిల్లర దాంతోనే వేరుచేశాం. దుప్పటి మీద పోసి పైన తిప్పితే స్టీలువన్నీ గుత్తులుగుత్తులుగా లేస్తాయి, ఐదులు కింద మిగిలిపోతాయి. మధ్యలో కొన్నేళ్ళు ఐదు రూపాయలు కూడా స్టీలుతో వచ్చినాయి, అవి ఏరుకో. బాగా పాతవి, బరువైన రాగి నికెల్ రూపాయిలు అంటుకోవు, అవి కింద ఐదుల్లో కలుస్తాయి, రంగు చూసి తీసెయ్.

మూలాపేట_రాజు

అయస్కాంతం అంటే గుర్తొచ్చింది. పెన్నా వంతెన మీద బస్సులో పోతా జనం నీళ్ళల్లోకి బిళ్ళలు విసురుతారు గదా. ఎండాకాలం నీళ్ళు తగ్గినాక పిల్లకాయలు తాడుకి అయస్కాంతం కట్టి లాగేవాళ్ళు. రూపాయిలు దండిగా దొరికేవి. ఐదు రూపాయలు మాత్రం అమ్మవారికే 🙏

నాణేల_మాస్టారు

చీమకుర్తి గారి పద్ధతి మంచిదే, కానీ తర్వాత ఒక గుంట ఉంది, చూసుకొని అడుగెయ్యండి. రూపాయినీ రెండు రూపాయలనీ సైజు చూసి వేరుచేద్దామనుకుంటారు అందరూ. 2011కి ముందు వచ్చిన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. 2011 నుంచి 2019 సిరీస్‌కి ముందు దాకా వచ్చిన రెండు రూపాయలు కూడా సరిగ్గా 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములే. జల్లెడకీ తెలియదు, తక్కెడకీ తెలియదు. కళ్ళతో అంకె చూడాల్సిందే. మీ కొట్టులో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి.

స్టీలు రూపాయి ఒక్కటే ఇప్పుడు చలామణిలో మూడు బరువుల్లో ఉంది: 4.85, తర్వాత 3.79, 2019 తర్వాతది 3.09 గ్రాములు. 2019 నాటి ఐదు రూపాయలు 6.74, దానికి ముందరి ఇత్తడి ఐదు 6 గ్రాములు. కాబట్టి "వంద బిళ్ళలు ఇంత తూగాలి" అని ఒక్క లెక్క పెట్టుకుంటే మోసపోతారు. ఒక్కో సిరీస్ విడిగా కవర్లలో వేస్తేనే తూకం పనిచేస్తుంది. 3.79 గ్రాముల రూపాయిలు వందైతే 379 గ్రాములు, 6 గ్రాముల ఐదులు వందైతే 600.

మొత్తం ఎంతుంటుందో ముందే ఒక ఊహకి రావాలంటే: 3.79 గ్రాముల రూపాయి బిళ్ళలు కిలో దాదాపు 264 రూపాయలు. 6 గ్రాముల ఐదు రూపాయల బిళ్ళలు కిలో 833. నిండు క్యాను 90 కిలోలుంటుందనుకుంటే, అన్నీ రూపాయిలైతే 24 వేల లోపు, అన్నీ ఐదులైతే 75 వేలు. మీది ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది.

కోవూరు_కొట్టు

మాస్టారూ ఈ లెక్క నాయనకి చదివి వినిపించినా. "75 అయ్యేట్టయితే ఎప్పుడో స్థలం కొనేవాణ్ణి" అన్నాడు.

లక్కీ_కాయిన్_555

బ్రో తొందరపడి బ్యాంకులో కట్టకు!! వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5 రూపాయలు, 10 రూపాయల కాయిన్ ఉంటే 10 లక్షలు ఇస్తారు. నాకు తెలిసిన పార్టీ ఉంది. రిజిస్ట్రేషన్ ఫీజు కొంచెం కట్టాలి అంతే.

నాణేల_మాస్టారు

ఆ ఫీజు కోసమే ఈ కథంతా. వైష్ణోదేవి నాణెం 2012లో పెద్దయెత్తున వచ్చిన మామూలు చలామణి నాణెం. సంతలో నలిగిన బిళ్ళకి దాని మీద రాసిన విలువే వస్తుంది. ఇలాంటి ప్రకటనల్లో తన పేరు వాడుకొని రుసుములు, పన్నులు వసూలు చేస్తున్నారని 2021 ఆగస్టులో ఆర్‌బీఐ ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చింది. పాత నాణేల కొనుగోలుతో తనకు ఏ సంబంధమూ లేదనీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ చెప్పింది.

సేకరించేవాళ్ళకి ఆసక్తి ఉండేది ఎప్పుడంటే, అరుదైన సంవత్సరం, అచ్చు తప్పు పడ్డది, లేదా చేతులు మారని కొత్త నాణెం. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ టంకశాల, వజ్రం ఆకారం ముంబై, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. సరదాకి చూసుకోండి. ఏదన్నా పక్కన పెట్టదలిస్తే మాత్రం చింతపండు వేసి తోమకండి. తోమిన నాణేన్ని సేకర్త ముట్టుకోడు.

మోడరేటర్

లక్కీ_కాయిన్_555 ఖాతా తీసేశాం. ఎవరూ ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.

కావలి_పద్మక్క

పావలాల సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, పావలా, ఆ కిందవి 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయాయి. ఆ గడువు అప్పుడే ముగిసింది, ఇప్పుడు బ్యాంకులో మార్చరు. అర్ధరూపాయి మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది, ఊళ్ళో ఎవ్వరూ తీసుకోకపోయినా సరే. బ్యాంకు కవర్లలో దాన్ని కూడా కలిపి కట్టెయ్.

పాత సామాన్ల వాడికి తూకానికి వేద్దామని మాత్రం అనుకోవద్దు, చెల్లే నాణేలు కరిగిస్తే ఏడేళ్ళ దాకా జైలు శిక్ష రాసి ఉంది చట్టంలో.

ఇంకో మాట. అంతా బ్యాంకుకే ఎందుకు మోస్తారు? పెళ్ళిళ్ళ కాలం వస్తోంది. చదివింపులకి 116, 516, 1,116 పెట్టేవాళ్ళకి ఆ చివర రూపాయి బిళ్ళ కావాలి. పెళ్ళివాళ్ళు తాంబూలాల్లో, పెద్దలకి దక్షిణల్లో ఇవ్వడానికి రూపాయిలు వెతుక్కుంటారు. కొత్త బండి పూజ చేసినా, గుడిలో పళ్ళెంలో వెయ్యాలన్నా రూపాయే. ఫోన్‌పేలో పదకొండు వందల పదహార్లు కొట్టొచ్చు గానీ మా అత్తగారు దాన్ని చదివింపు కింద ఒప్పుకోరు. మీ నాయన కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ ఒక మాట చెప్పి చూడండి, నోట్లు ఇంటికే వస్తాయి.

ఆత్మకూరు_బస్టాండ్_టీ

అక్క చెప్పింది సరైన దారి. చిల్లర ఎవురికి కావాల్నో వాళ్ళకి ఇయ్యాల, బ్యాంకుకి అక్కర్లా, అందుకే మొహం చిట్లిస్తాది. టీ అంగళ్ళు, టిఫిన్ బండ్లు, సైకిల్ స్టాండు, పండ్ల బండ్లు, పెట్రోలు బంకు, వీళ్ళందరికీ ఐదులు కావాల. టీ 15 అయితే ఇరవై ఇచ్చినోడికి ఐదు యాడ తెచ్చేది? ఇంతకుముందు చాక్లెట్ ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు జనం తిడతా ఉండారు. స్కానర్ వచ్చినాక సగం బాధ తీరింది గానీ పొద్దున బస్సు దిగే పల్లెటూరి పెద్దోళ్ళు నోట్లే ఇస్తారు.

ఇంతకుముందు గుళ్ళ కాడ చిల్లర పోగేసి నూటికి ఇంత అని కమీషన్‌కి అంగళ్ళకి అమ్మేవాళ్ళు ఉండేవాళ్ళు. నేనూ నూటికి తొంభై ఐదు రూపాయల చిల్లర కొన్న రోజులుండాయి. ఇప్పుడు కమీషన్ అడిగితే నవ్వుతారు. సరికి సరి ఇస్తే మాత్రం తీసుకుంటారు. నువ్వు కూడా ఎవురికీ కమీషన్ ఇయ్యబాకు. "నూటికి పది తగ్గించి తీసుకుంటాం" అనేవాళ్ళు వస్తారు, చూస్తా ఉండు.

ఐదులు నాకు కావాల. మెసేజ్ పెట్టు.

ఒంగోలు_గిత్త

పది రూపాయల బిళ్ళలు కూడా తీసుకుంటావా టీ అన్నా? 🙂

ఆత్మకూరు_బస్టాండ్_టీ

వద్దు సామీ. నేను తీసుకుంటా, నా కాడ ఎవురు తీసుకుంటారు? గల్లాలో అట్నే మూలుగుతా ఉండాయి.

కౌంటర్_నంబర్_3

ఈ పది రూపాయల బిళ్ళ చెల్లదనే గోల మన రెండు జిల్లాల్లో వదలదేమో. అప్పటికి 14 రకాల డిజైన్లలో వచ్చింది, అన్నీ చెల్లుతాయి అని 2018 జనవరిలోనే ఆర్‌బీఐ ప్రకటించింది. రూపాయి గుర్తు ఉన్నదీ చెల్లుతుంది, లేనిదీ చెల్లుతుంది. 14440కి మిస్డ్ కాల్ ఇస్తే ఫోన్లోనే చెప్పే ఏర్పాటు కూడా అప్పుడు చేసింది.

ఆత్మకూరు_బస్టాండ్_టీ

సార్, నాకు తెలుసు, మీకు తెలుసు. బస్సు దిగినామెకి ఆ ఫోన్ చేసి వినిపిస్తా కూర్చుంటే టీ పొంగిపోద్ది. మద్రాసుకి పోయే డ్రైవర్లకి ఇస్తాను, ఆడ తీసుకుంటారంట.

సింగరాయకొండ_బంకు

బంకులో పనిచేస్తాను. చిల్లర మాకు కావాలి, కానీ వేరుచేసి కవర్లలో ఇస్తేనే. షిఫ్టు మారేటప్పుడు క్యాష్ అప్పజెప్పాలి, గోనెసంచిలో కలగాపులగం పోసుకొస్తే మా మేనేజర్ లోపలికి రానివ్వడు. వారానికి కొంత కొంత ఇస్తే మంచిది, ఒక్కసారే మొత్తం వద్దు. కోవూరు నుంచి మా దాకా ఎందుకు, హైవే మీద మీ దగ్గరే బోలెడు బంకులు. రాత్రి పది తర్వాత అడుగు, పగలు ఎవరూ మాట్లాడరు.

2022లో సేలంలో ఒకాయన రూపాయి బిళ్ళలు పోగేసి 2.6 లక్షల బండి కొన్నాడు, షోరూం వాళ్ళు పది గంటలు లెక్కపెట్టారంట. పేపర్లో చదివి మా వాళ్ళంతా ఆ షోరూం సిబ్బంది కోసం బాధపడ్డారు.

మూలాపేట_రాజు

కరెంటు బిల్లు, ఇంటిపన్ను కూడా చిల్లరలో కట్టొచ్చు గదా? వెయ్యి లోపలైతే చట్టం మన వైపే.

కౌంటర్_నంబర్_3

కట్టొచ్చు. మీ వెనకాల లైన్లో నేనుండకూడదు, అంతే.

కోవూరు_కొట్టు

కొన్నాళ్ళుగా ఇటు రాలా, ఏరతా ఉండాం. అయస్కాంతం పాచిక పారింది, చీమకుర్తి అన్నకి దండం. పాడైపోయిన హోం థియేటర్ విప్పితే దొరికింది. మాస్టారు చెప్పిన గుంట నిజంగానే ఉండాది. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకోని రూపాయిలూ రెండులూ విడదీసింది, సీరియల్ చూస్తానే చేసింది, మాకంటే తొందరగా.

బ్యాంకుకి ఉత్త చేతులతో పోయి మేనేజర్ గారితో మాట్లాడినా. కవర్లలో వందేసి కట్టినాం సార్ అని ఫోన్లో ఫోటో చూపించినా. ఆయనే "మధ్యాహ్నం మీద కొంచెం కొంచెం తెచ్చుకో" అన్నాడు. క్యాషియరమ్మ మొదటి రోజు మూడు కవర్లు విప్పి లెక్కపెట్టింది. సరిపోయేసరికి తర్వాత తూచి తీసుకునింది. అర్ధరూపాయలు కూడా కట్టించుకున్నారు. అంబుడ్స్‌మన్ పేరు ఎత్తాల్సిన పని రాలా.

పద్మక్క చెప్పినట్టు వీధిలో ఒక మాట వేసినాం. ఇద్దరు పెళ్ళోళ్ళు వచ్చి కొత్త రూపాయిలు ఏరుకోని పోయినారు. నూటికి పది తగ్గించమన్నాయన కూడా వచ్చినాడు, నాయన మంచినీళ్ళిచ్చి పంపించినాడు. ఒక క్యాను ఖాళీ, రెండోది సగానికొచ్చింది.

కావలి_పద్మక్క

సంతోషం తమ్ముడూ. కొత్త రూపాయిలు ఇంకా ఉంటే మా ఆడపడుచు కూతురు పెళ్ళికి ఓ ఐదొందలు పక్కన పెట్టు. మా ఆయన నెల్లూరు వస్తాడు, కోవూరులో దిగి నోట్లిచ్చి తీసుకుంటాడు. మురికివి వద్దు.

కోవూరు_కొట్టు

పెడతా అక్కా. మెసేజ్ చెయ్యండి.

ఆత్మకూరు_బస్టాండ్_టీ

నా ఐదులు ఏమైనాయి అబ్బయ్యా?

కోవూరు_కొట్టు

ఐదులు నిన్ననే బంకోళ్ళు పట్టుకపోయినారు అన్నా. పదులు ఉండాయి, కావాల్నా?

ఆత్మకూరు_బస్టాండ్_టీ

మద్రాసు డ్రైవర్ ఒకడు దొరికితే చెబుతా.